పొడుగువాళ్ళ కన్వర్టిబుల్‌కు రోల్‌బార్: ముందు సీటు, తర్వాత కర్ర, ఆఖరున బార్

ఆరడుగుల రెండంగుళాల మనిషి 1990ల నాటి మాజ్దా మియాటాలో, అంటే పైకప్పు మడిచే రెండు సీట్ల చిన్న కన్వర్టిబుల్‌లో, కూర్చుని టాప్ వెనక్కి మడిస్తే, నడినెత్తి చాలాసార్లు ముందద్దం పైచట్రానికి సమానంగానో, దానికి కాస్త పైనో ఉంటుంది. హెల్మెట్ పెట్టుకుంటే ఇంకో అంగుళంన్నర, రెండంగుళాలు పెరుగుతుంది. కారు బోర్లాపడితే బరువు మోసి తలను కాపాడేందుకు సీట్ల వెనక నిలబెట్టే ఇనుప గొట్టాన్ని రోల్‌బార్ అంటారు. అది లేని ఆ కారు పల్టీ కొట్టిందా, దాని రోల్‌బార్ ఆయన తలే.

అమెరికాలో కార్ల పైకప్పు ఎంత బరువు ఆపాలో చెప్పే ఫెడరల్ ప్రమాణం, 216వ నంబరుది, కన్వర్టిబుళ్ళకు వర్తించదు. మియాటా మొదటి రెండు తరాలకూ, అంటే 1990-97 మోడళ్ళ ఎన్‌ఏకూ 1999-2005 మోడళ్ళ ఎన్‌బీకీ, సీట్ల వెనక కంపెనీ పెట్టిన హూప్, అంటే వంచి నిలబెట్టిన గొట్టం, ఏదీ లేదు. 2006 మోడల్‌తో వచ్చిన ఎన్‌సీకీ, 2016 నుంచి వస్తున్న ఎన్‌డీకీ చిన్న హూపులున్నాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో వారాంతాల కోసం ఇలాంటి కారు కొని, ఆటోక్రాస్‌తో (ఖాళీ స్థలంలో కోన్ల నడుమ గడియారంతో పోటీపడే ఆట) మొదలుపెట్టి ట్రాక్ డేల దాకా (రేస్ ట్రాక్ మీద సొంత కారు నడిపే రోజులు) పోదామనుకునే పొడుగువాళ్ళ కోసం ఈ పోలిక. ఉదాహరణలు ఎక్కువగా మియాటావే. బయట దొరికే బార్లలో ఎక్కువ రకాలు దానికే ఉన్నాయి, పొడుగువాళ్ళను ఎక్కువగా ఇబ్బంది పెట్టేదీ అదే.

చాలామంది చేసే పొరపాటు ఒకటే. ముందు బార్ ఆర్డరిస్తారు, బిగిస్తారు, హెల్మెట్ పెట్టుకుని కూర్చుని చూస్తే తల బార్ కంటే పైన ఉంటుంది. అప్పుడు సీటు దించే మార్గాలు వెతుకుతారు. సీటు దిగాక తల కాస్త వెనక్కి పోయి బార్‌కు ఆనుకుంటుంది. వరస తిరగేసి చేస్తే ఈ తిప్పలు ఉండవు: సీటు తేల్చుకోవాలి, కొలవాలి, ఆ కొలతకు సరిపడే బార్ కొనాలి.

నిలబడ్డ ఎత్తుతో పని లేదు

లెక్కలోకి వచ్చేది కూర్చున్న ఎత్తు. కాళ్ళు పొడుగున్న ఆరడుగుల మూడంగుళాల మనిషి మియాటాలో ఇమిడిపోవచ్చు. నడుము పైభాగం పొడుగున్న ఆరడుగుల మనిషి ఇమడకపోవచ్చు. గోడకు వీపు ఆనించి గట్టి పీట మీద కూర్చుని, నెత్తి మీద అట్ట పెట్టి, పీట నుంచి అట్ట దాకా టేపుతో కొలవండి. ఒకే ఎత్తున్న ఇద్దరి మధ్య ఇక్కడ రెండు మూడు అంగుళాల తేడా మామూలే. "నాది ఆరడుగుల ఒకటి, ఫలానా బార్ సరిపోయింది" అని ఎవరైనా చెబితే మీకు అందులో పనికొచ్చే సమాచారం దాదాపు ఏమీ లేదు. ఆయన కూర్చున్న ఎత్తెంత, సీటు ఏది, అందులో ఫోమ్ ఉందా తీసేశారా అన్నవి అడగండి.

కర్ర పరీక్ష

ట్రాక్ డే మొదలయ్యే ముందు కారు భద్రత చూసే టెక్ ఇన్‌స్పెక్షన్‌లో చేసేది చీపురుకర్ర పరీక్ష. మన కొబ్బరిచీపురుకు కర్ర ఉండదు కాబట్టి మాప్ కర్ర అనుకోండి. టాప్ దించి, మీరు హెల్మెట్‌తో, బెల్టు బిగించుకుని, నిజంగా నడిపే భంగిమలో కూర్చోవాలి. వంగినా, కిందికి జారినా పరీక్ష చెల్లదు. ఒక కొస బార్ పైభాగం మీద, రెండో కొస ముందద్దం పైచట్రం మీద ఆనేలా కర్ర పెట్టాలి. కర్రకూ హెల్మెట్‌కూ మధ్య ఖాళీ చూడాలి. కొన్ని క్లబ్బులకు హెల్మెట్ కర్రకు తగలకపోతే చాలు, కొన్ని రెండంగుళాల ఖాళీ అడుగుతాయి. మీరు రెండంగుళాలకే కొలుచుకోండి.

అమెరికాలో ఆటోక్రాస్ నడిపే ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) సోలో నియమాలు బార్ ఎలా ఉండాలో ఇంకోలా చెబుతాయి: నడిపే భంగిమలో ఉన్న డ్రైవర్ హెల్మెట్ కంటే బార్ పైభాగం కిందికి ఉండకూడదు, డ్రైవర్‌కు ఆరంగుళాల కంటే వెనక ఉండకూడదు. పొడుగు మనిషి వెనక్కి వాలి కూర్చుంటే రెండో షరతు తేలిగ్గానే నెరవేరుతుంది, చిక్కంతా మొదటిదానితోనే.

కర్రను ముందద్దం చట్రం మీద ఆనించడంలో ఒక ఊహ దాగుంది, ఆ చట్రం నిలుస్తుందని. ఎన్‌ఏ, ఎన్‌బీలలో ఆ చట్రం పల్చనిది, అది కాస్త కుంగుతుందనే లెక్కేసుకోవాలి. బార్‌కూ చట్రానికీ మధ్య 36 అంగుళాల దూరం, మీ హెల్మెట్ నడినెత్తి బార్‌కు 8 అంగుళాల ముందు ఉందనుకోండి. బార్ చట్రం కంటే ఒక అంగుళం ఎత్తుంటే, హెల్మెట్ ఉన్న చోట కర్ర బార్ ఎత్తు నుంచి పావు అంగుళం కూడా దిగదు. అదే చట్రం ఆరంగుళాలు కుంగితే అక్కడ రేఖ అంగుళంన్నర పైచిలుకు దిగుతుంది. రెండంగుళాల ఖాళీ ఉన్నవాడికి అర అంగుళం కంటే ఎక్కువే మిగులుతుంది. కర్రకు "తగలకుండా" పాసైనవాడికి ఏమీ మిగలదు. రెండంగుళాలు అడిగే క్లబ్బు చాదస్తంతో అడగడం లేదు.

తల బార్‌కు ఎంత దగ్గరుంటే అంత మేలని కూడా ఇదే లెక్క చెబుతుంది, రేఖ దిగేది ముందుకు పోయేకొద్దీ కాబట్టి. కానీ దగ్గరితనానికి ఇంకో ఖరీదు ఉంది, అది రోడ్డు మీద కనబడుతుంది.

అంగుళాలు సంపాదించే దారులు

అన్నిటికంటే చవక దారి ఫోమ్ కోయడం. ఎన్‌ఏ, ఎన్‌బీ ఒరిజినల్ సీటు విప్పి, కూర్చునే భాగం కింది ఫోమ్‌ను పలచన చేస్తారు. తుంటి ఎముకలు ఆనే చోట పల్చటి గట్టి ఫోమ్ ఒక పొర ఉంచి మిగతాది తీస్తే అంగుళం నుంచి అంగుళంన్నర దిగుతారు. బ్రెడ్ కోసే పళ్ళ కత్తి చాలు, ఒక పూట పని. పై నుంచి కోయకండి, కింది వైపు నుంచి కోయండి. పై ఆకారం చెడితే కవరు ముడతలు పడుతుంది. పూర్తిగా తీసేస్తే కింద ఉన్న లోహపు చట్రం, స్ప్రింగులు గుచ్చుకుంటాయి. తొడల కింద ముందు అంచు మాత్రం ముట్టుకోవద్దు, ప్రమాదంలో బెల్టు కింద నుంచి జారకుండా ఆపేది ఆ మిట్టే.

రెండో దారి సీటును వెనక్కి వాల్చడం. ఇది డబ్బు ఖర్చు లేని దారిలా కనిపిస్తుంది. 36 అంగుళాల కూర్చున్న ఎత్తుకు లెక్కేస్తే, నిట్టనిలువు నుంచి 20 డిగ్రీల వాలు 25 అయితే తల 1.2 అంగుళాలు దిగుతుంది, కానీ 2.9 అంగుళాలు వెనక్కి పోతుంది. దిగినదానికి రెండింతలకు పైగా బార్ వైపు జరిగారన్నమాట. చేతులకు స్టీరింగ్ కూడా అంతే దూరమవుతుంది. ఎన్‌ఏ, ఎన్‌బీలలో స్టీరింగ్ ఎటూ కదలదు. ఎన్‌సీలో పైకీ కిందికీ కదులుతుంది. ముందుకూ వెనక్కూ జరగడం ఎన్‌డీలో 2019 మోడల్‌తోనే వచ్చింది. పైగా బార్ బిగించాక ఒరిజినల్ సీటు అంతకుముందు వాలినంత వాలదు, వీపు పైభాగం గొట్టానికి తగిలి ఆగిపోతుంది. అందుకే వాలును మీ ఖాతాలో అంగుళాలుగా జమ చేసుకోకండి.

మూడో దారి గట్టి బకెట్ సీటు, అంటే ఒంటిని పట్టి ఉంచే రేసు సీటు. సీటు ముందుకూ వెనక్కూ జరిగే పట్టాలు తీసేసి, పక్క బ్రాకెట్లతో నేలకు వీలైనంత దగ్గరగా బిగిస్తే ఒరిజినల్ సీటు కంటే రెండంగుళాలు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ దిగవచ్చు. పొడుగువాళ్ళకు నిజంగా తేడా తెచ్చేది ఇదే. అయితే సీటు వెడల్పు ముందు కొలుచుకోండి. తలుపుకూ మధ్య టనెల్‌కూ (రెండు సీట్ల మధ్య నేల ఉబ్బు) నడుమ చోటు ఇరుకు, భుజాల దగ్గర రెక్కలున్న సీట్లు చాలా వరకు ఇమడవు. ఇంకో చిక్కు, పట్టాలు లేకపోతే కారు మీ ఒక్కరిదే అవుతుంది. ఇంట్లో అయిదడుగుల నాలుగంగుళాల మనిషి క్లచ్ తొక్కాలంటే వీపు వెనక దిండు పెట్టుకోవాలి, అది ప్రమాదంలో పనికిరాదు.

తొడలకు స్టీరింగ్ తగలడం వేరే బాధ. చిన్న స్టీరింగ్ చక్రం వేస్తే తొడలకు చోటు వస్తుంది గానీ ఎయిర్‌బ్యాగ్ పోతుంది. రోజూ రోడ్డు మీద తిప్పే కారుకైతే ఆ బేరం వద్దు.

సీటు తేలాక మళ్ళీ కొలవండి. ఈసారి నేల మీద కారు నిలబెట్టి, చదునైన చోట, హెల్మెట్ నడినెత్తి ఎత్తు, ముందద్దం చట్రం ఎత్తు రెండూ నేల నుంచి రాసుకోండి. బార్ అమ్మేవాళ్ళను అడగాల్సింది ఒక్కటే: ఈ బార్ పైభాగం ముందద్దం చట్రం కంటే ఎన్ని అంగుళాలు ఎత్తు? "పొడుగువాళ్ళకు బాగుంటుంది" అనే జవాబు జవాబు కాదు.

ఏ బార్

అందాల బార్. మెరిసే స్టెయిన్‌లెస్, సీట్ల వెనక రెండు వంపులు, గాలి అడ్డుకునే జాలీ. కొన్నిటికి వెనక తన్నుడు కాళ్ళు, అంటే హూప్‌ను వెనక నుంచి తన్నిపట్టే గొట్టాలు, లేవు, కొన్నిటిని సీటు బెల్టు బోల్టులకే తగిలిస్తారు. ఇక్కడ గొట్టం లావు మోసం చేస్తుంది. 2 అంగుళాల లావు, 0.065 అంగుళాల గోడ ఉన్న గొట్టం వంగుడుకు చూపే బిగువు, కాగితం మీద 1.75 అంగుళాల లావు 0.120 గోడ ఉన్న గొట్టానికి పది శాతమే తక్కువ. కానీ పల్చని గోడ దెబ్బ తగిలిన చోట డబ్బాలా సొట్టపోతుంది, సొట్టపడ్డ చోట మడిచిన స్ట్రాలా విరుగుతుంది. పొడుగు మనిషికి ఇది మరీ చేటు, ఎందుకంటే వీటిలో చాలా వాటి పైభాగం హెడ్‌రెస్ట్ ఎత్తుకే ఆగుతుంది. రక్షణ ఉందన్న భ్రమ ఒకటి, పుర్రెకు అంగుళాల దూరంలో ఇనుము ఒకటి, రెండూ డబ్బిచ్చి కొనుక్కున్నట్టు. వద్దు.

నాలుగు కాళ్ళ బోల్ట్-ఇన్ బార్, వెల్డింగ్ లేకుండా బోల్టులతో బిగించేది. ఎక్కువమందికి సరైన జవాబు ఇక్కడే ఉంది. ప్రధాన హూప్ కాళ్ళు రెండు సీటు బెల్టు స్తంభాల దగ్గర, వెనక తన్నుడు కాళ్ళు రెండు సీట్ల వెనక షెల్ఫ్ మీద. హార్డ్ డాగ్, బాస్ ఫ్రాగ్, బ్లాక్‌బర్డ్ ఫ్యాబ్‌వర్క్స్ లాంటి వాళ్ళు మియాటా కోసమే చేస్తారు. చూడవలసినవి ఇవి:

గొట్టం డీఓఎం రకమై, అంటే లోపలి కడ్డీ మీదుగా లాగి తయారుచేసినదై, ఉండాలి. చుట్టి అతికించిన మామూలు ఈఆర్‌డబ్ల్యూ గొట్టాన్ని చాలా నియమావళులు ఒప్పుకోవు. 1.75 అంగుళాల లావు, 0.120 గోడ అయితే అడుగుకు దాదాపు 2.1 పౌండ్లు. అదే గోడతో 1.5 అంగుళాలది 1.77 పౌండ్లు. అడుగుకు పౌండులో మూడోవంతు మిగులుతుంది గానీ, వంగుడుకు లావుది 64 శాతం ఎక్కువ బిగువు. కారంతా వెయ్యి కిలోల చుట్టూ ఉన్నప్పుడు ఇక్కడ బరువు చూసుకోవడం పిసినారితనం.

తన్నుడు కాళ్ళు హూప్ పైభాగానికి ఎంత దగ్గరగా కలిస్తే అంత మంచిది. అమెరికా క్లబ్బుల నియమాల్లో మామూలు హద్దు: పై నుంచి ఆరంగుళాల లోపు కలవాలి, నిట్టనిలువుకు కనీసం 30 డిగ్రీల కోణంలో వెనక్కి పోవాలి. అంతకంటే నిటారుగా ఉంటే కారు బోర్లా పడి ముందుకు జారేటప్పుడు హూప్ తలుపు మడతలా వెనక్కి వాలుతుంది.

అడ్డకర్ర, అంటే డయాగనల్, తీసుకోండి. పక్కకు పల్టీ కొట్టినప్పుడు చతురస్రం వాలి సమాంతర చతుర్భుజం కాకుండా ఆపేది అదే. ఒకటే వేస్తే దాని పైకొస డ్రైవర్ తల వెనక ఉండాలి, కింది కొస ప్రయాణికుడి వైపు. వెనక చూపు కొంచెం తగ్గుతుంది, వారంలో అలవాటైపోతుంది.

ఒకే వంపా, రెండు మూపురాలా? సాఫ్ట్‌టాప్ మధ్యలో ఎత్తుగా, పక్కల దిగుతూ ఉంటుంది. మీరు కూర్చునేది మధ్యలో కాదు, పక్కన. ఒకే వంపు బార్ టాప్ కింద ఇమడాలంటే దాని భుజాలు దిగాలి, అంటే మీ తల ఉన్న చోటే ఎత్తు తగ్గుతుంది. మూపురాల బార్ ప్రతి తల వెనకా శిఖరం నిలబెడుతుంది, నడుమ దిగుతుంది. కాబట్టి టాప్ ఉంచుకోవాలనుకునే పొడుగువాళ్ళు దీన్ని ముందు చూడాలి. అయితే తల ఆ శిఖరం వెడల్పులోనే ఉందా అని వెనక నుంచి ఫోటో తీయించి చూడండి. బకెట్ సీటు టనెల్ వైపు అంగుళం జరిగి బిగిస్తే హెల్మెట్ అంచు మూపురం దాటి పోతుంది.

ఇక టాప్ సంగతి. పొడుగు మనిషి అసలు ఎంచుకోవలసింది ఇదే, మిగతావన్నీ దీని వెంట వస్తాయి. సాఫ్ట్‌టాప్ కింద ఇమిడే ఏ బార్‌కైనా ఆ గుడ్డే పైహద్దు. దానికంటే ఎత్తు కావాలంటే టాప్ తీసేసి ట్రాక్ కోసం చేసిన ఎత్తు బార్ వేయాలి, వానొస్తే తడవాలి. నడుమ దారి హార్డ్‌టాప్. కానీ హార్డ్‌టాప్‌ను రోల్‌బార్ అని ఎవరూ లెక్కపెట్టరు, ఆర్డరిచ్చే ముందు ఆ బార్ వెనక కాళ్ళు హార్డ్‌టాప్ కొక్కేలకు అడ్డురావని రాతపూర్వకంగా తెలుసుకోండి. పాత ప్లాస్టిక్ కిటికీ ఉన్న ఎన్‌ఏ టాప్ అయితే, దించే ముందు కిటికీ జిప్ విప్పి పడుకోబెట్టాలి. అలా చేయకపోతే గొట్టం దగ్గర ప్లాస్టిక్ మడతపడి రెండు చలికాలాల్లో చిట్లుతుంది.

వెల్డింగ్ బార్, సగం కేజ్, పూర్తి కేజ్. కేజ్ అంటే పంజరంలా వెల్డ్ చేసిన గొట్టాలు. ఎత్తు మీ ఇష్టం, బలం ఎక్కువ. పూర్తి కేజ్ అయితే తల చుట్టూ, ముందద్దం పక్కన గొట్టాలు కూడా వస్తాయి, అంటే ముందద్దం చట్రం కుంగే బెడద తీరినట్టే. కానీ ఈ కారును హెల్మెట్ లేకుండా రోడ్డు మీద నడపకూడదు. మామూలు ఢీ కొట్టుడులో కూడా బెల్టు సాగి తల ముందుకూ పక్కకూ ఊగుతుంది, ఊగే దారిలో ఇనుము ఉంటుంది. ట్రెయిలర్ మీద ట్రాక్‌కు తీసుకెళ్ళే కారైతేనే ఈ మాట ఎత్తండి.

కారే మార్చడం

సీటు దించి, ఫోమ్ తీసి, టాప్ కింద ఇమిడే అత్యంత ఎత్తు బార్ లెక్కేసినా కర్ర తగులుతుంటే, ఎన్‌ఏ మీ కారు కాదు. ఒప్పుకోవడం కష్టమే.

ఎన్‌సీ, ఎన్‌డీలలో లోపలి చోటు మరీ పెద్దదేం కాదు గానీ, కంపెనీ హూపులున్నాయి. అవి ట్రాక్‌కు చాలుతాయా అన్నది నిర్వాహకుల మీద ఆధారపడుతుంది, కొందరు మొదటి స్థాయి తరగతులకు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. ఒప్పుకున్నా కర్ర పరీక్ష తప్పదు, హెల్మెట్ పెట్టిన పొడుగు మనిషి ఆ చిన్న హూపుల మీద నెగ్గడం అరుదు. ఆ కార్లకూ బోల్ట్-ఇన్ బార్లున్నాయి.

హోండా ఎస్2000లోనూ స్థిరమైన హూపులే, అవీ పొట్టివే. పైగా దాని స్టీరింగ్ ఎటూ కదలదు. పొడుగువాళ్ళకు మియాటా నుంచి ఎస్2000కు మారడం పెనం మీద నుంచి పొయ్యిలోకి.

పోర్షే బాక్‌స్టర్ ఈ గుంపులో పొడుగువాళ్ళకు కాస్త దయ చూపే కారు. సీటు బాగా దిగుతుంది, వెనక స్థిరమైన హూప్ ఉంది. అయినా హెల్మెట్‌తో పైకి తేలేవాళ్ళ కోసం బ్రే-క్రౌజ్ లాంటి కంపెనీలు ఆ హూప్ మీద బిగించే ఎత్తు పెంచే ముక్క చేస్తాయి. కొనే ముందు మీరు వెళ్ళే క్లబ్బు దాన్ని ఒప్పుకుంటుందా అని అడగాలి. అది ఆధారపడేది కింద ఉన్న కంపెనీ హూప్ మీదే కదా.

పల్టీ పసిగట్టి పైకి దూకే హూపులు వేరే జాతి. 1989లో వచ్చిన మెర్సిడెస్ ఆర్129 ఎస్‌ఎల్‌లో ఆ ఏర్పాటు 0.3 సెకన్లలో లేచేది. రోడ్డు మీద తిరిగేవాళ్ళకు ఇది మంచి ఏర్పాటు. మామూలు రోజుల్లో తల వెనక ఇనుము ఉండదు, అవసరమైనప్పుడు వస్తుంది. కానీ ట్రాక్ టెక్ ఇన్‌స్పెక్టర్‌కు కర్ర ఆనించడానికి ఏమీ కనబడదు, అందుకే చాలాచోట్ల గొడవే.

మన దేశంలో మియాటాను కంపెనీ ఎప్పుడూ అమ్మలేదు. హైదరాబాదులోనో విజయవాడలోనో కనిపించే కన్వర్టిబుళ్ళు ఎక్కువగా కంపెనీ హూపులతో వచ్చే జర్మన్ కార్లే. వాటి చట్రానికి డ్రిల్లు పెట్టేముందు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చదువుకోవాలి. రిజిస్ట్రేషన్ వివరాలకు భిన్నంగా బండి మార్చడాన్ని అది అడ్డుకుంటుంది. అక్కడ పొడుగువాళ్ళు చేయగలిగిందల్లా సీటును అట్టడుగుకు దించుకుని, హూప్ కంటే తల పైన ఉందో లేదో షోరూమ్‌లోనే చూసుకోవడం.

బిగింపులో ఏది చెడుతుంది

బోల్ట్-ఇన్ బార్ ఇద్దరు మనుషులకు ఒక రోజు పని. బలమంతా కాళ్ళ కింద ఉంది. పల్చని రేకుకు బోల్టు, వాషర్ మాత్రమే వేస్తే దెబ్బకు వాషర్ రేకును చీల్చుకుని పోతుంది, బార్ లోపలికి దిగుతుంది. అందుకే రేకుకు రెండు వైపులా ప్లేట్లు ఉండాలి: పైన కాలి ప్లేటు, కింద దానంతే ఉన్న ఎదురు ప్లేటు. క్లబ్బు నియమాల్లో సాధారణంగా అడిగేది 3/16 అంగుళాల మందం, కాలికి కనీసం మూడు బోల్టులు, 3/8 అంగుళాల లావు, గ్రేడ్ 5 లేదా అంతకంటే గట్టివి. బోల్టు తల మీద మూడు గీతలుంటే గ్రేడ్ 5, ఆరుంటే గ్రేడ్ 8. ఏ గీతా లేని బోల్టు కొట్టువాడు ఉచితంగా ఇచ్చినా వాడకండి.

సీట్లు, మధ్య కన్సోల్, సీటు బెల్టు స్తంభాల ప్లాస్టిక్ కవర్లు, వెనక కార్పెట్ తీసేయాలి. అవన్నీ తీయకముందే బార్‌ను లోపలికి దూర్చే ప్రయత్నం చేస్తే తలుపు పెయింట్ పోతుంది. కాలి ప్లేటు కింద కార్పెట్ గానీ, తారులాంటి శబ్దం ఆపే పొర గానీ మిగలకూడదు. ఆ పొర ఎండకు మెత్తబడి నలుగుతుంది, నెలలో బోల్టులు వదులవుతాయి, ప్రతి గుంతకూ కిర్రుమంటుంది. దాని మీద డ్రై ఐస్ పెట్టి సుత్తితో తట్టితే పెళుసుగా ఊడుతుంది.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది వెనక షెల్ఫ్. ఎన్‌ఏ, ఎన్‌బీలలో పెట్రోలు ట్యాంకు ఆ షెల్ఫ్ కిందే ఉంది. డ్రిల్లు బిట్టుకు అర అంగుళం దగ్గర టేపు చుట్టడం చాలదు, బిగించే లోహపు స్టాపర్ పెట్టండి. ప్రతి రంధ్రానికి ముందు కింది నుంచి దీపం వేసి చూడండి, బ్రేకు గొట్టం, పెట్రోలు గొట్టం ఎక్కడెక్కడ పోతున్నాయో గుర్తుపెట్టుకోండి. ముందు చిన్న బిట్టుతో దారి చేసి, తర్వాతే 3/8కి పెంచాలి. బ్యాటరీ తీగ విప్పి ఉంచండి. ఎన్‌ఏ, ఎన్‌బీలలో బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, మరిచిపోవడం తేలిక.

నాలుగు కాళ్ళూ వదులుగా బోల్టులేసి, బార్‌ను అటూఇటూ కదిపి, టాప్ ఒకసారి మూసి తెరిచి, కిటికీలు పైకెత్తి, సీటు పూర్తిగా వెనక్కి జరిపి చూశాకే బిగించాలి. టాప్ చట్రం గొట్టానికి రాసుకుంటే ఇక్కడే తెలుస్తుంది. ఒరిజినల్ సీటు బెల్టు గొట్టం అంచుకు రాపిడి పడకుండా నేరుగా భుజం మీదికి రావాలి. కోసిన ప్రతి రంధ్రం అంచుకూ ప్రైమర్ పూయండి, లేకపోతే టాప్ నీటి కాలువ మూసుకుపోయిన ఏడాదే ఆ చోట తుప్పు పడుతుంది. రెండు వారాల తర్వాత, మళ్ళీ మొదటి ట్రాక్ డే ముందు, బోల్టులన్నీ టార్క్ రెంచ్‌తో చూడాలి.

తల వెనక మెత్త

హెల్మెట్ లేకుండా రోడ్డు మీద నడిపేవాళ్ళకు రోల్‌బార్ రెండంచుల కత్తి. వెనక నుంచి ఎవరైనా గుద్దితే సీటు వీపు వెనక్కి వాలుతుంది, తల గొట్టం వైపు పోతుంది. పొట్టి మనిషికి హెడ్‌రెస్ట్ అడ్డం ఉంటుంది. పొడుగు మనిషికి హెడ్‌రెస్ట్ మెడ దగ్గర ఆగి, పుర్రె గొట్టం ఎదురుగా ఉంటుంది. వీళ్ళకు మెత్త తప్పనిసరి. నీటి గొట్టాలకు చుట్టే నురగ స్పాంజి చేతితో నొక్కితే బాగా మెత్తగా ఉంటుంది, తలను ఆపదు. ఎస్‌ఎఫ్‌ఐ (రేసింగ్ భద్రతా ప్రమాణాలు చేసే అమెరికా సంస్థ) 45.1 గుర్తున్న గట్టి మెత్త కావాలి, గోరుతో నొక్కితే కష్టంగా దిగేది. దాని మందమూ తలకు మిగిలిన దూరంలోంచే పోతుంది కాబట్టి సీటు లెక్కలో ముందే కలుపుకోండి. మెత్త పెట్టాక మామూలుగా కూర్చుంటే తల వెనక్కి ఊపి తాకగలుగుతున్నారంటే, సీటు ఒక నొక్కు ముందుకు జరపాలి. మోకాళ్ళు ఒప్పుకోకపోతే ఆ కారును హెల్మెట్ లేకుండా నడపకూడదు.

హార్నెస్ గురించి, అంటే రెండు భుజాల మీదుగా వచ్చే రేసు బెల్టుల గురించి, రెండు మాటలు. రోల్‌బార్ లేని కన్వర్టిబుల్‌లో భుజాల హార్నెస్ వేయకండి, అది మిమ్మల్ని నిటారుగా కట్టేసి ఉంచుతుంది, పైన ఆపేది ఏమీ ఉండదు. బార్ ఉన్నప్పుడు భుజం పట్టీలు బార్‌లోని అడ్డగొట్టానికే కట్టాలి, భుజం నుంచి సమాంతరంగానో, 20 డిగ్రీల లోపు కిందికి వాలుతూనో పోవాలి. పొడుగు మనిషి భుజాలు ఆ గొట్టం కంటే బాగా ఎత్తులో ఉంటాయి, కోణం దాటిపోతుంది, ఢీ కొట్టినప్పుడు పట్టీ వెన్నెముకను కిందికి నొక్కుతుంది. సీటు దించితే ఇదీ సర్దుకుంటుంది. పట్టీలను వెనక నేలకు కట్టడం దీని ఘోరమైన రూపం. ఎస్‌ఎఫ్‌ఐ 16.1 పట్టీలకు తయారీ తేదీ నుంచి రెండేళ్ళే గడువు.

పాత బార్ కొనేవాళ్ళకు

వాడిన బార్లు బోలెడు దొరుకుతాయి, కొత్తదానిలో సగం ధరకు. కొనదగ్గవే, కానీ అమ్మేవాడి గరాజ్‌కు వెళ్ళి చూడండి. పల్టీ కొట్టిన కారులోంచి తీసింది కాకూడదు. పైభాగంలో చదును, పెయింట్ కింద గీతలు, వెల్డింగ్ పక్కన వెంట్రుక వాసి పగులు చూడాలి. వంపుల లోపలి వైపు వేలు పెట్టి తడమండి, ముడత తగిలితే వంచినప్పుడే గొట్టం చెడింది. ఈమధ్యే పెయింట్ వేసి ఉంటే ఎందుకు వేశారో అడగాలి. గోడ మందం తెలియకపోతే లోపల చిన్న తనిఖీ రంధ్రం ఉందేమో చూడండి, కొందరు తయారీదారులు ఇన్‌స్పెక్టర్ల కోసం వేస్తారు, అందులోంచి కొలవొచ్చు. ఎదురు ప్లేట్లు పోయుంటే కొత్తవి కోయించాలి, 3/16 రేకు ముక్కకు పెద్ద ఖర్చు కాదు. బోల్టులు మాత్రం పాతవి వాడకండి. చివరిగా, బార్ మీ కారు తరానికే చేసిందేనా అని చూడండి. ఎన్‌ఏ, ఎన్‌బీలకు కొన్ని రెంటికీ సరిపోతాయి, ఎన్‌సీది ఎన్‌ఏకు సరిపోదు, డబ్బు చేతులు మారాక ఈ సంగతి తెలుసుకునేవాళ్ళు ప్రతి ఏడూ ఉంటారు.